మా అత్త ఆపరేషన్ సంగతి, ఆవిడ చెప్పమన్నట్టే

నిన్న పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఆనందపురం నుంచి పెద్దత్త ఫోన్ చేసింది. పెద్దత్త అంటే మా అత్తకి సొంత అక్క.

"మీ అత్త లెగట్లేదే. ఎంత పిలిచినా పలకట్లేదు" అంది.

"అలిసిపోయుంటాది, కాసేపు పడుకోనీయండి" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నా చేతిలో ఉన్న తడి చీర అత్తదే.

రెండు రోజులు అక్క దగ్గర ఉండి వస్తానని వెళ్లింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. నిన్న సాయంత్రానికే అన్నీ అయిపోయాయి.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నేను ఇక్కడ ఎప్పుడూ ఏమీ రాయలేదు. మీ ఫోటోలకి లైక్ కొట్టడం వరకే. చదివింది ఏడో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

కానీ అత్త నాకొక పని అప్పజెప్పింది. అది ఈ రోజే చెయ్యాలి.

మా అత్త పేరు పైడమ్మ. వయసులో ఉన్నప్పటి నుంచి వంకాయలు, బెండకాయలు గంపకెత్తి నెత్తిన మోసి అమ్మింది. నలుగురు పిల్లల్ని కన్నది. కాన్పైన నెలకే మళ్లీ గంప ఎత్తేదట.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకటి గమనించాను. అత్త గట్టిగా నవ్వదు. నవ్వొస్తే కుచ్చిళ్ల దగ్గర చెయ్యి పెట్టుకుని ఆపుకుంటుంది. ఫంక్షన్‌కి వెళ్తే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని ఆ పక్కనే కూర్చుంటుంది. బస్సెక్కమంటే ఏదో ఒక సాకు.

ఒక రోజు పెరట్లో పాత చీర ముక్కలు ఉతుక్కుంటూ కనబడింది. ఈ వయసులో అవెందుకని అడగడానికి నాకు సిగ్గు. చెప్పడానికి ఆవిడకి సిగ్గు.

నెల తర్వాత ఆవిడే అంది. "కింద ఏటో జారిపోతన్నట్టుందే. పన్నెండేళ్లయిపోనాది. నా కొడుక్కి సెప్పకు."

ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. "ఏమిటమ్మా ఇబ్బంది?" అని డాక్టరమ్మ అడగగానే అత్త నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.

డాక్టరమ్మకి అర్థమైంది. లేచి తలుపు వేసింది.

గర్భసంచి జారిందట. కాన్పులకీ, బరువులకీ కింద కండరాలు వదులైపోయాయట. సంచి తీసేసి, కండరాలు బిగించి కుట్టాలంది. "నీలాంటివాళ్లు రోజూ వస్తూనే ఉంటారమ్మా" అని కూడా అంది.

ఆ మాటకి అత్త ఏడ్చేసింది. ఇన్నేళ్లూ తనొక్కదానికే అలా ఉందనుకుందట.

అత్తకి అడ్డచుట్ట అలవాటు. మా వైపు పెద్దాడవాళ్లలాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. దగ్గితే కుట్ల మీద భారం పడుతుంది కాబట్టి ఆపరేషన్‌కి చాలా ముందే మానెయ్యాలన్నారు. చుట్టల కట్ట నా చేతికిచ్చి "నానడిగినా ఇయ్యకే" అంది.

మూడో రోజుకే అడిగింది.

పెద్దవాళ్లకి ఇవ్వనని చెప్పడం నాకు రాదు. "ఎలకలు కొట్టేసేయత్తా" అన్నాను.

నా మొహం కాసేపు చూసింది. "పాపం, ఆ ఎలకలకి దగ్గొస్తాదేమో" అంది. మళ్లీ అడగలేదు.

మా ఆయనకి కడుపులో ఆపరేషన్ అని మాత్రమే చెప్పాం. అది బాగా జరిగింది. ఇంటికి తెచ్చాక సాయానికి పెద్దత్త వచ్చింది. వచ్చీ రావడమే బాలింతకి పెట్టినట్టు పథ్యం మొదలుపెట్టింది. వెల్లుల్లి కారం, అన్నం. కూర లేదు, పండు లేదు. నీళ్లు తాగితే కుట్లకి చీము పడుతుందని రోజుకి రెండే గ్లాసులు. అంతా ప్రేమతోనే.

డాక్టరమ్మ చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. నీళ్లు బాగా తాగాలి, విరేచనం సాఫీగా అవ్వాలి, బరువెత్తకూడదు, అస్సలు ముక్కకూడదు. ముక్కితే కుట్లు తెగి మళ్లీ మొదటికొస్తుంది.

డాక్టరమ్మ గదిలో ఈ జాగ్రత్తలన్నీ విన్నది నేనే. చెప్పాల్సింది నేనే. టెన్షన్‌తో నాకు నిద్ర లేదు, కానీ నోరు పెగలదు. మూడు రోజులు కొంగుచాటున బొప్పాయి ముక్కలు, నీళ్ల సీసా దాచి తీసుకెళ్లాను.

నాలుగో రోజు దొరికిపోయాను.

"ఏటే అది? మీ అత్తని సంపేత్తావేటే?" పెద్దత్త కేకకి మా ఆయన గుమ్మంలోకి వచ్చేశారు.

"ముక్కితే కుట్లు తెగిపోతాయి పెద్దత్తా! దొడ్డికి సాఫీగా అవ్వాల! నీళ్లు తాగాల, పండు తినాల! డాక్టరమ్మ నాతోటే సెప్పింది!"

ఆ అరుపు నాదే. అదీ మా ఆయన ఎదురుగా.



అప్పుడు మంచం మీద అత్త, దిండు పొట్టకి అదుముకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఒలమ్మో, నా కోడలికి నోరుందే! అక్కా, ఆ బొప్పాయి ఇలగియ్యి."

మర్నాటి నుంచి బొప్పాయి పెద్దత్తే కోసి పెట్టింది. ఉక్కునగరం ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగి వచ్చి, మూడు నెలలు నీళ్ల బిందెలు మా ఆయనే మోశారు.

ఆ తర్వాత అత్త నాలుగేళ్లు బతికింది. చాలా బాగా బతికింది.

మధురవాడలో పెళ్లికి వెళ్తూ బస్సులో కిటికీ పక్క సీటు కోసం నాతో పోట్లాడింది. పెళ్లిలో సరిగ్గా జనం మధ్యన కూర్చుంది. బాత్రూమ్ ఎక్కడుందో కూడా చూడలేదు. నోరంతా తెరిచి నవ్వింది.

తిరిగి వస్తూ బస్సులో అంది. "నాను బతికుండగా ఎవలికీ సెప్పకే, సిగ్గు. నాను పోయాక మాత్తరం అందరికీ సెప్పీ. ఎంతమంది నాలాగ గుడ్డలు దాసుకుని తిరుగుతన్నారో."

చెప్పేశాను అత్తా. నీ కొడుకుని అడిగే రాశాను.

అక్కలూ, పిన్నులూ, మీలో ఎవరికైనా అలా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆసుపత్రికి తోడొస్తాను. ఈసారి క్యాలెండర్ వైపు చూడను.

నీ చీర ఆరిందత్తా. మడిచి పెట్టాను.

గంపలన్నీ దించేశావు. ఇంక నిశ్చింతగా పడుకో.