సీసా అడుగున మిగిలిన మందు

పోయిన గురువారం పొద్దున నేను కొత్తగూడ ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడి ఉండగా ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "అక్కా, మేడమ్ నిద్రలనే పోయిన్రంట" అన్నాడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

మా ల్యాబ్ మేడమ్ గురించి రాయడానికి పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్నారు. నేను ఆమె పనిచేసిన ఆస్పత్రిలోనే, ఆపరేషన్ కత్తెరలూ గిన్నెలూ ఆవిరిలో పెట్టి శుద్ధిచేసే గదిలో పనిచేస్తాను. అయినా నేను రాయకుండా ఉండలేను. ఈ ఉద్యోగం నాకు ఆమె వల్లే మిగిలింది.

ఎనిమిదేళ్ళ కిందట అదే ఆస్పత్రిలో, సర్జరీ వార్డులో హౌస్‌కీపింగ్‌కు చేరాను. ఇంటర్ చదివానని వార్డు సిస్టర్ నాకు ఒక పని ఎక్కువ అప్పజెప్పింది. గాయాలు తుడిచే యాంటీసెప్టిక్‌ను నీళ్ళలో కలిపి, కట్ల ట్రాలీ మీది సీసాలో నింపాలి. సీసాలో సగం ఉండగానే పైనుంచి పోసేసేదాన్ని. మిగిలింది పారబోస్తే మందు దండగ అనుకునేదాన్ని. నెలల తరబడి ఆ సీసా అడుగు చూడనేలేదు.

ఆ వానాకాలం వార్డులో ముగ్గురికి గాయాలు మానడం ఆగిపోయింది. వాళ్ళలో ఒకరు సెంట్రింగ్ పనిలో పైనుంచి పడ్డ మేస్త్రి. తొడకు ఆపరేషన్ బాగానే జరిగింది గాని, కట్టు విప్పినప్పుడల్లా గుడ్డ మీద పచ్చనీలం మరక. అతని భార్య నన్ను పట్టుకుని అడిగేది. "కాలు తీసేస్తరా ఏంది అక్కా? జర నువ్వన్న చెప్పు." "ఫికర్ చెయ్యకు" అనేసి, వెళ్ళి సీసాలో ఇంకాస్త మందు పోసేదాన్ని.

డాక్టర్లు ఇంకా బలమైన యాంటీబయాటిక్ మొదలుపెడదామనుకుంటున్నప్పుడు మేడమ్ వార్డుకు వచ్చారు. ఆమె మైక్రోబయాలజీ విభాగానికి పెద్ద. పొట్టి మనిషి, బిగించి కట్టిన ముడి, గాజులు లేని చేతులు.

"మందు మార్చండి, కాదనను. కానీ ముగ్గురిలోనూ ఒకటే బ్యాక్టీరియా ఉందండీ. అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా మారిస్తే, రేపు నాలుగో మనిషికి ఏం ఇస్తారు?" అన్నారు సర్జన్‌తో. దూది చుట్టిన పుల్లలతో కొళాయి, ట్రాలీ, కత్తెరలు అన్నీ తుడిచి ఒక్కో గొట్టంలో వేసుకున్నారు. చివరికి నా సీసా దగ్గర ఆగారు.

"ఇది ఎప్పుడు కడిగావమ్మా?"

"రోజూ కడుగుతున్న మేడమ్."

నా ముఖం వైపు ఒకసారి చూశారు. కొంచెం మందు తీసుకుని వెళ్ళిపోయారు.

రెండు రోజులకు నన్ను ల్యాబ్‌కు పిలిపించారు. బల్ల మీద మూతపెట్టిన చిన్న గాజు పళ్ళేలు రెండు. ఒకటి మేస్త్రి గాయం నుంచి తీసింది, ఇంకొకటి నా సీసాలోది. రెండిట్లోనూ అదే పచ్చరంగు.

"మందుల క్రిములెట్ల ఉంటయి మేడమ్? అది వాటిని సంపే మందు కద?"

"నీళ్ళు కలిపిన మందును తట్టుకుని బతికేవి కొన్ని ఉంటాయమ్మా. కడగని సీసాలో, అడుగున మిగిలినదాంట్లో పెరుగుతాయి. దాని మీద కొత్తది పోస్తే కొత్తదాంట్లోకీ వస్తాయి. ఇప్పుడు చెప్పు, ఎప్పుడు కడిగావు?"

ఏడుపు ఆగలేదు. "ఒక్కసారి గూడ కడగలే మేడమ్. పైనుంచే పోసిన. ఆయన కాలు నా వల్లనే గిట్లయింది."

ఆమె కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. "నిజం చెప్పావు. ఇక మిగతావాళ్ళను కాపాడుకోవచ్చు" అని, నా ముందే ఫోన్ తీసి అన్ని వార్డుల నుంచీ అలాంటి సీసాలు వెనక్కి రప్పించారు.

మర్నాడు మీటింగ్‌లో మేనేజరు నన్ను తీసేయాలన్నాడు. "సీసా కడగాలని ఈ అమ్మాయికి చెప్పిన కాగితం ఏదండీ?" అని అడిగారు మేడమ్. ఎవరి దగ్గరా లేదు. "అది రాసి గోడకు అంటించాల్సింది నేను. రిపోర్టులో ముందు నా పేరు రాయండి." మేనేజరు ఫైలు మూసేశాడు.

మేస్త్రి భార్యకు జరిగింది చెప్పినప్పుడు కూడా మేడమ్ నన్ను పక్కనే నిలబెట్టుకున్నారు. మేస్త్రి భార్య నాతో చాలా రోజులు మాట్లాడలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. గాయం మెల్లగా ఎండింది. కర్ర పట్టుకుని మేస్త్రి ఇంటికి బయలుదేరిన రోజు మాత్రం ఆమే వెనక్కి తిరిగి, "పోయొస్తం అక్కా" అంది. ఆ మాటకు దుప్పట్లు పెట్టే లినెన్ గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత మేడమ్ నన్ను వదల్లేదు. భోజనం వేళ పెరుగన్నం తింటూనే మందు కలిపే కొలతలు అప్పజెప్పించుకునేవారు. మందుతో తుడిచిన బల్లను నేను వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తుంటే, "ఆగమ్మా, దాని పని దాన్ని చేసుకోనీ. తడి కాసేపు ఉండాలి" అనేవారు. ఫినాయిల్ వాసన గుప్పుమంటే అందరం మెచ్చుకునేవాళ్ళం. ఆమె మాత్రం "వాసన మనకమ్మా, క్రిములకు కాదు" అని నవ్వేవారు. శుద్ధిచేసే గది పనికి కోర్సు ఉందని చెప్పి, ఫారం ఆమే నింపారు.

మా పాపకు జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ రాయమని అడిగితే రాయలేదు, నాకు కోపం వచ్చింది. జ్వరం మూడు రోజుల్లో దానంతట అదే తగ్గింది. ఇంకోసారి పాపకు నిజంగానే ఆ మందు అవసరమైంది. అప్పుడు మందుల కోర్సు పూర్తయ్యేవరకు రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇవాల్టిది వేశావా?" అని అడిగారు. అంత పెద్ద మనిషి!

దహనం అయ్యాక అందరం నల్లగండ్లలో ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌కు వచ్చాం. పైకి వెళ్ళే ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి సెల్లార్‌లో ఒకటే కొళాయి. ల్యాబ్ వాళ్ళు, సిస్టర్లు, వార్డు ఆయమ్మలు వరుసలో నిలబడ్డారు. ముందున్న ఆయమ్మ సబ్బు తీసుకుంది. అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ చివరలు. మేడమ్ మా అందరికీ నేర్పిన వరుస. తర్వాతి మనిషీ అంతే, ఆ తర్వాతి మనిషీ అంతే. ఎవరూ తొందరపడలేదు. మేడమ్ భర్త లిఫ్టు ఎక్కకుండా అక్కడే నిలబడి మా చేతులనే చూస్తూ ఉన్నారు. నా వంతు వచ్చేసరికి సబ్బు పలచటి బిళ్ళగా మిగిలింది. నురుగు నీళ్ళు ఆగి ఉన్న కార్ల మధ్యనుంచి సన్నగా పారుతూ, ఎండ పడుతున్న గేటు దాకా వెళ్ళాయి.