నేను చెరిపేసిన ఆఖరి పావుగంట

నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. అదీ సొంత భాషవి కాదు, ఇంగ్లీషువి. అవైనా మొత్తం కాదు, పదకొండే. చదువు మీద ప్రేమ పుట్టి నేర్చుకున్నానని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదుగానీ, నిజం వేరు. చేసిన వెధవపని బయటపడుతుందేమోనని నేర్చుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. సౌదీలోని రాస్ తనూరాలో రిఫైనరీకి పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ కాంపౌండ్‌లో క్లబ్ హాలు చూసుకోవడం నా ఉద్యోగం. ఊడవడం, తుడవడం, టీ కాయడం, వచ్చినవాళ్లకు సలాం కొట్టడం. హాల్లో ఒక బిలియర్డ్స్ బల్ల, ఒక పెద్ద టీవీ, గోడ పొడవునా వీడియో క్యాసెట్ల బీరువా ఉండేవి. ఆ క్యాసెట్లన్నీ ఒక ఇంగ్లీషాయనవి. పైపుల అతుకులు పరీక్షించే పెద్ద ఇంజనీరు. సెలవుకు ఇంటికెళ్లినప్పుడల్లా రెండు మూడు సంచుల క్యాసెట్లు తెచ్చేవాడు. వాళ్ల దేశంలో టీవీలో వచ్చిన పాత నాటకాలు, నవ్వుల కథలు, నలుపు తెలుపు సినిమాలు. ఒకప్పుడు కాంపౌండ్‌లోని ఇంగ్లీషువాళ్లంతా గురువారం సాయంత్రం కుర్చీలు లాక్కుని చూసేవారట. నేను చేరేనాటికి అందరూ డిస్కుల్లోకి, డిష్‌లోకి వెళ్లిపోయారు. గురువారాలు ఆయనొక్కడే కూర్చునేవాడు. దుమ్ము తుడిచేవాణ్ణి నేను.

మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉండేది. నేనూ పెట్టుకుని చూసేవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషు యస్సార్, నోసార్, టీసార్. నవ్వుల కథల్లో పెట్టె లోపల ఎవరో జనం నవ్వుతుండేవారు. వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. అలా నాలుగేళ్లు ఒంటరిగా కూర్చుని నవ్వాను. దేనికి నవ్వానో ఇప్పటికీ తెలియదు.

వాటిల్లో ఒక నాటకం మాత్రం నన్ను పట్టుకుంది. రైలు వంతెన కింద చిన్న కొట్టు, అందులో చెప్పులు కుట్టే ముసలాయన. కొట్టు ఖాళీ చేయమని గోడకు కాగితం అంటిస్తారు. ఒకావిడ వారం వారం వచ్చి ఒకే ఒక్క చెప్పు బాగుచేయమని ఇస్తుంది. ఎప్పుడూ ఎడమకాలిదే. పైన రైలు పోయినప్పుడల్లా బల్బు ఊగుతుంది. ఆవిడ ఆయన్ని వదిలేసి వెళ్లిపోయిన భార్య అని నేను తేల్చుకున్నాను. ఐదుసార్లు చూశాను, ఐదుసార్లూ ఆమె భార్యే.

ఇక నా ఘనకార్యం. మా గదిలో నలుగురం. నా పక్క మంచం నిజామాబాద్ అబ్బాయిది, ఏసీలు బాగుచేసేవాడు. హాలు డిష్‌ను అటూ ఇటూ తిప్పి తెలుగు చానల్ పట్టింది వాడే. ఒక శుక్రవారం అందులో పెద్ద హీరో సినిమా వస్తోంది. గదిలో వీడియో ఉంది, డిష్ లేదు. హాల్లో రికార్డు చేసి గదికి తెమ్మని అందరూ నా మీద పడ్డారు. ఖాళీ క్యాసెట్ లేదు. నమాజు వేళ, దుకాణాలు మూసేశారు. సినిమా అప్పటికే మొదలైపోయింది. మిషన్‌లో చెప్పులాయన నాటకం ఉంది. ముందురోజు ఎవరో టీ అడిగితే, ఇంకో పావుగంట ఉందనగా ఆపి లేచాను.

నిజామాబాద్ అబ్బాయి దాన్ని బయటికి తీసి తిప్పి చూశాడు.

"కాకా, దీని పన్ను ఇరగ్గొట్టిన్రు. రికార్డ్ గాదిది."

"చెడిపోయిందా అబ్బీ?"

"చెడిపోలే. మీదికెల్లి రికార్డ్ జెయ్యొద్దని ఇరగ్గొడ్తరు. బొక్క మీద ప్లాస్టర్ ఏస్తె అయితది. గని ఎవలిదో ఏమో, సూస్కో."

"ఎవురిదైతే ఏమి? నేను అయిదుసార్లు జూసినా. ఇంగెవురికి గావల్లది?"

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. ప్లాస్టర్ అంటించి, వెనక్కి తిప్పకుండా, ఎక్కడ ఆగి ఉందో అక్కడినుంచే మీట నొక్కాను.

సాయంత్రం గదిలో పెట్టాం. మంచి ఊపు మీద ఉండగా టేపు అయిపోయింది. హీరో చెల్లెలు గోడౌన్‌లో కట్టేసి ఉంది, విలన్ నవ్వుతున్నాడు, అంతే.

"క్లైమాక్స్ ఏది కాకా?"

"టేపు అంతే ఉండాది, నేనేం జేసేది?"

"ఆ పిల్లను గట్లనే కట్టేసి ఉంచుతరా? ఏం మనిషివే నువ్వు!"

వారం రోజులు తిన్నాను ఆ తిట్లు. ప్లాస్టర్ పీకి క్యాసెట్‌ను బీరువాలో పెట్టేసి మరచిపోయాను.

ఏడాది గడిచింది. ఇంగ్లీషాయన ఉద్యోగం ముగిసింది, నెల రోజుల్లో ఎగ్జిట్, అంటే శాశ్వతంగా ఇంటికి. ఒక గురువారం హాల్లోకి చేత్తో ఉత్తరం ఊపుకుంటూ వచ్చాడు. ఆయన ఇంగ్లీషూ అరబ్బీ హిందీ కలిపి నాతో మాట్లాడేవాడు, నన్ను సదీక్, అంటే నేస్తం, అని పిలిచేవాడు. నేనిక్కడ తెలుగులో చెబుతాను.

"సదీక్, మా దేశంలో పాత కార్యక్రమాలు వెతికే మనుషులున్నారు. నా జాబితా పంపాను. అందులో ఒక నాటకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. నా దగ్గరున్నదొక్కటే."

"మంచిది సార్."

"తీసినవాళ్ల దగ్గరే లేదు. టేపు ఖరీదని, దాని మీద ఇంకోటి తీసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన మా అన్న దొంగచాటుగా నకలు తీశాడు కాబట్టి సరిపోయింది. ఒకసారి చూపించేశాం కదా, ఇంకెవరికి కావాలి అనుకున్నారట! గాడిదలు! ఇలాంటి గాడిదల్ని ఏం చేయాలంటావు?"

"టీ తెస్తాను సార్," అన్నాను.

ఆయన నాటకం పేరు పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసి ఇచ్చాడు. తనకు రిఫైనరీలో పని తెమలదనీ, మూడు వందల పైచిలుకు క్యాసెట్లు తారుమారు అయి ఉన్నాయనీ, వెతికి పెట్టమనీ చెప్పాడు. ఉద్యోగంలో చేరినప్పుడు చదువు వచ్చా అంటే తల ఊపాను. ఆ తల ఊపడాన్ని ఆయన నాలుగేళ్లుగా నమ్ముతున్నాడు. "మా ఊళ్లోనే తీశారది. ఆ వీధి ఇప్పుడు లేదు," అన్నాడు వెళ్తూ.

కథేంటి సార్ అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. అడిగితే చెబుతాడని భయం.

చెప్పులాయన క్యాసెట్ తీసి కాగితం పక్కన పెట్టాను. కాగితం మీద అక్షరాలు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. క్యాసెట్ మీద పెన్సిల్‌తో రాసిన అక్షరాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. ఒక్కటీ కలవలేదు. నాకు ఎంత హాయి వేసిందో చెప్పలేను. ఇది కాదు, అది వేరే ఏదో, నేను బతికిపోయాను అనుకుని, ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఆ ఆనందంలోనే, ఎందుకంటున్నానో చెప్పకుండా, నిజామాబాద్ అబ్బాయికి కాగితం చూపించాను.

"ఈ అక్షరాలు నేర్పించబ్బీ."

"ఈ వయసుల ఏం పిచ్చి లేసింది కాకా?"

"నేర్పిస్తావా లేదా?"

నేర్పాడు. ఆ పేరులో ఉన్నవి పదకొండు రకాల అక్షరాలు. రెండు రోజుల్లో గుర్తుపట్టాను. మూడోరోజు వాడు ఎంతో మామూలుగా ఒక మాట చెప్పాడు. "ఇవి పెద్దయి. ఇంగ్లీష్ల చిన్నయి వేరే ఉంటయి. కలిపి రాస్తె ఇంకో తీరు ఉంటయి."

"అవే అక్షరాలేనా?"

"అవే. వేషం మార్చుకుంటయి."

నాకు క్యాసెట్ మీది పెన్సిల్ రాత గుర్తొచ్చింది. కలిపి రాసేవి కూడా నేర్చుకున్నాను. మధ్యాహ్నం హాలు తలుపు మూసి, పెన్సిల్ రాత మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ కాగితం మీద దానితో సరిచూశాను. మొదటి మాట కలిసింది. రెండోది కలిసింది. మూడో మాటలో ఆఖరి అక్షరమైనా వేరేది కావాలని కోరుకున్నాను. కలిసింది. జీవితంలో నేను సొంతంగా చదివిన మొదటి మూడు మాటలు అవే. చదవగలిగినందుకు ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

నిజామాబాద్ అబ్బాయికి అప్పుడు చెప్పాను.

"సముద్రంల పారెయ్ కాకా," అన్నాడు వెంటనే. "దొరకలే అని చెప్పు. ఆయన పోయి కఫీల్‌కు ఒక్క మాటంటె నీకూ ఎగ్జిటే." కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చిన సౌదీ యజమాని.

క్యాసెట్‌ను అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని గేటు దాకా నడిచాను. సముద్రం అక్కడికి పది నిమిషాలు. వెనక్కి వచ్చాను. మనస్సాక్షి అడ్డొచ్చిందని రాస్తే బాగుంటుంది. గేటు దగ్గర సంచులు విప్పి చూస్తున్నారు, అందుకు వచ్చాను. కానీ నడిచి వస్తున్నంతసేపూ సంచిలో ఆ చెప్పులాయన ఉన్నాడనిపించింది. ఆయన్ని ఖాళీ చేయించే కాగితం నేనే అంటించినట్టు అనిపించింది.

గురువారం సాయంత్రం ఇంగ్లీషాయన రాగానే క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. ముందు చెబుదామనుకున్నాను, టీ ఇచ్చి ఊరుకున్నాను. ఆయన టీవీ దగ్గరికి కుర్చీ లాక్కుని, వేలితో చూపిస్తూ నాకు వీధంతా తిప్పాడు. ఇది మా బేకరీ. ఈ మెట్ల మీద నేను పడ్డాను. గంటా పావు అలా గడిచింది. అప్పుడు తెర వణికింది. మా హీరో ముప్ఫై మందితో కొండ మీద గంతులు వేస్తూ దిగాడు.

ఆయన పాట మొత్తం చూశాడు. అది అయిపోయాక నా వైపు తిరిగాడు.

"నేనే సార్," అన్నాను.

లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు హాలుకు రాలేదు. నేను పెట్టె సర్దుకున్నాను. మూడో రోజు వచ్చాడు, చేతిలో కాగితాల కట్ట.

"నేను చూసి ఇరవై ఏళ్లు దాటింది. చివర ఏమవుతుందో నాకే గుర్తు లేదు. నువ్వు ఎన్నిసార్లు చూశావు?"

"ఐదుసార్లు సార్."

"గాడిదవే. కూర్చో. చెప్పు."

నిజామాబాద్ అబ్బాయి మధ్యలో దుబాసీ. నేను చెప్పడం, వాడు మార్చడం, ఆయన రాయడం. ఆవిడ ముసలాయన భార్య అని నేను చెప్పగానే ఇంగ్లీషాయన కలం ఆగింది. ఆవిడ భార్య కాదట. మున్సిపాలిటీ ఉద్యోగి. ఖాళీ చేయించే ముందు కొట్టు లెక్క రాసుకోవడానికి వస్తూ, ఆ సంగతి పైకి అనలేక చెప్పు సాకు పెట్టుకుంటుందట. ఐదుసార్లు చూసి నేను అర్థం చేసుకున్నది అదీ!

"అర్థం వద్దు," అన్నాడాయన. "కంటికి కనిపించింది చెప్పు."

చెప్పాను. వాన పడుతోంది. ఆవిడ ఈసారి రెండు చెప్పులూ బల్ల మీద పెట్టి, వట్టికాళ్లతో బయటికి నడిచింది. ముసలాయన చెప్పులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగాడు. వీధి చివర ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పైన రైలు పోయింది, బల్బు ఊగింది. ఆయన వెళ్లి కూర్చుని దారం ఎక్కించాడు.

ఇంగ్లీషాయన క్యాసెట్‌నూ నా మాటల కాగితాన్నీ తీసుకుని వెళ్లిపోయాడు. కఫీల్ దగ్గర నోరు విప్పలేదు.

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు నేనే చదువుకున్నాను. లోపలిది నిజామాబాద్ అబ్బాయి చదివాడు. నాటకాన్ని బాగుచేసి దాచారట. ఒక చిన్న హాల్లో జనానికి చూపించారట. బొమ్మ ఆగిన చోట దీపాలు వేసి, ఒకామె నిలబడి నా కాగితం చదివిందట. ఆ తర్వాత ఒక ప్రశ్న. పాత కాగితాల్లో నాటకం రాసినాయన చేతిప్రతి చివరి పేజీ దొరికింది. అందులో ఆవిడ వెనక్కి తిరిగి చూడదు. తీసేటప్పుడు మార్చారేమో తెలియదు. చూసి గుర్తుపెట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. తిరిగి చూసిందా, లేదా?

కళ్లు మూసుకుని చూశాను. వాన కనిపించింది, వీధి కనిపించింది, ఆవిడ తిరిగి చూడటం కనిపించింది. అయితే తిరిగిన ముఖం ఆవిడది కాదు. మా సినిమా హీరోయిన్‌ది. అదే టేపు మీద, దాదాపు అదే చోట, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది.

"సూసిందని రాయి కాకా," అన్నాడు నిజామాబాద్ అబ్బాయి. "సూస్తెనే మంచిగుంటది."

"మంచిగుంటాదని రాసేకి నేనెవుర్రా? ఒకసారి చెరిపింది చాల్దా?"

జవాబు నేనే రాస్తానన్నాను. అప్పటికి ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చేశాయి. తెలుగువి మరుసటి ఏడు మొదలుపెట్టాను. నాకు తెలియదు అనడానికి ఏ మాటలు కావాలో వాణ్ణి అడిగాను. వాడు చెబుతుంటే పెద్ద అక్షరాల్లో, కాగితం మధ్యలో రాశాను. తెలుసు అనే మాటకు ముందు పలకని అక్షరం ఒకటి రాయించాడు. పలకనిదాన్ని ఎందుకు రాయాలని గొడవ పడ్డాను. "ఏమో కాకా, అది గట్లనే ఉంటది," అన్నాడు. అలాగే రాసి పంపించాను.