ఇడెల్లా వరుస లేవని ఆట

క్లియోఫస్ గాడిస్ చికాగో దక్షిణ భాగంలో సిటీ బస్సు నడిపేవాడు. సెలవు దొరికినప్పుడల్లా దయ్యాల సినిమాల్లో చచ్చిపోయేవాడు. నేను చెప్పేది ఈ రెండో పని గురించి. బస్సు విషయంలో అతని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

మనిషి బాగా పొడుగు, భుజాలు తలుపంత వెడల్పు. అతణ్ణి చూసిన ప్రతి డైరెక్టరుకీ ఒకటే తోచేది: ఇంత మనిషినే పిశాచం ముందు పొట్టన పెట్టుకుంటే, మిగిలినవాళ్ళ గతేమిటని జనానికి దడ పుడుతుంది. అందుకని అతను కాపలాదారు, కాకపోతే తెల్లపిల్లల గుంపులో ఒక్కగానొక్క నల్ల స్నేహితుడు. "మీరిక్కడే ఉండండి, నేను చూసొస్తాను" అని నేలమాళిగ మెట్లు దిగేవాడు. మళ్ళీ అతని గొంతు వినబడేది కాదు.

అతని తల్లి ఇడెల్లా మా చర్చికి పెద్దదిక్కు, అందరం ఆవిణ్ణి మదర్ అనేవాళ్ళం. కొడుకు సినిమా వస్తే ఆవిడ ఆదివారపు టోపీ పెట్టుకుని, శనివారం మధ్యాహ్నం నలభై ఏడో వీధి హాలుకు వచ్చేది. పక్కనే ఆవిడ స్నేహితురాలు ఆర్జీ, ఆ తర్వాత నేను, ఇంకా కొందరు చర్చి ఆడవాళ్ళం, అందరం ఒకే వరుస. మా హాల్లో నోరు మూసుకుని సినిమా చూసే అలవాటు ఎవరికీ లేదు. తెర మీదివాళ్ళకు సలహా చెప్పాలి, తలుపు తియ్యొద్దని బతిమాలాలి, తీస్తే తిట్టాలి. క్లియోఫస్ మెట్ల మీద కాలు పెట్టగానే హాలంతా మూలిగేది. వెనకనుంచి ఎవరో "పోయాడ్రా మనవాడు" అనేవారు. అతను పోగానే ఇడెల్లా కోటు దులుపుకుని లేచేది. ఆవిడతో పాటే మా వరుసంతా లేచేది. నేరుగా ఆవిడ ఇంటికెళ్ళి వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టె తినేవాళ్ళం. ఆ సినిమాల్లో చివరికేమైందో మాలో ఎవరికీ తెలియదు.

ఆవిడకు చక్కెర జబ్బు కళ్ళ దాకా వచ్చింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర, కొడుకు ప్లేటును చేత్తో తడిమి వెతుక్కుని కూర వడ్డిస్తూ అంది.

"మిసిసిపీలో చిన్నప్పుడు నల్లవాళ్ళమని మమ్మల్ని పక్క మెట్లెక్కించి బాల్కనీలో కూర్చోబెట్టేవారు. తెర మీద మనవాడు దయ్యాన్ని చూసి కళ్ళు గుండ్రంగా తిప్పి, కాళ్ళు వణికించి పరిగెత్తేవాడు. కింద తెల్లవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. మా నాన్న కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చే దారిలో మాత్రం ఒక్క మాట మాట్లాడేవాడు కాదు."

"నేను కళ్ళు తిప్పలేదు కదమ్మా."

"తిప్పలేదు. చచ్చావు. అదే పెద్ద ముందడుగంటే ఒప్పుకుంటాను. కానీ చూపు పోయేలోగా ఒక్కసారి, లైట్లు వేసేదాకా నువ్వు బతికుండటం చూడాలిరా, క్లియో."

అతను చెంచా కింద పెట్టాడు. "చావు వేషం ఇంక వెయ్యనమ్మా" అన్నాడు.

ఆ తర్వాత పిలిచిన ప్రతివాడినీ ముందు అదే అడిగేవాడు: "చివర్లో నేనుంటానా?" ఒకడు నవ్వాడు. ఒకడు దయ్యంగా వెయ్యమన్నాడు. కొన్నాళ్ళకు పిలుపులు ఆగిపోయాయి. బస్సులో తెలిసినవాళ్ళు "ఏం క్లియో, ఈ మధ్య చావడంలేదే" అని ఎత్తిపొడిచేవారు. "ఆరోగ్యం బాగుంది" అనేవాడు. అతనికి ఆ పని మీద ఎంత ఇష్టమో మాకు తెలుసు. బస్సు మలుపులు తిప్పుతూ కూడా పాత సంభాషణలు గొణుక్కునేవాడు.

అలాంటప్పుడు నీల్ హాస్కిన్స్ అనే కుర్ర డైరెక్టరు, ఊరికి ఉత్తరాన ఉండే తెల్లబ్బాయి, అతణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. మూతపడిన ఆసుపత్రి కథ. క్లియోఫస్ అక్కడ బాయిలరు చూసే మనిషి.

"ఎప్పుడు చస్తాను?"

"కాస్త ముందుగానే. భయం మొదలవ్వాలి కదండీ."

"శనివారం మాతో సినిమాకు రా. తర్వాత మాట్లాడదాం."

ఆ వారం మా హాల్లో క్లియోఫస్ పాత సినిమానే మళ్ళీ వేశారు. హాస్కిన్స్ మా వరుస చివర కూర్చున్నాడు. తెర మీద క్లియోఫస్ మెట్లు దిగాడు, హాలు మూలిగింది, అతను పోయాడు, ఇడెల్లా లేచింది. మోకాళ్ళు పక్కకు తిప్పి దారిస్తూ హాస్కిన్స్ అయోమయంగా అడిగాడు, "ఎక్కడికి? ఇంకా సగం కూడా కాలేదు."

"మా సినిమా అయిపోయింది నాయనా" అంది ఆర్జీ. "నువ్వు కూర్చో. వాళ్ళదింకా ఉంది."

అతను కూర్చున్నాడు. మిగతా హాలు ఆ తర్వాత పిశాచాన్ని ఆటపట్టించడమే తప్ప భయపడలేదని, బయట తనకోసం ఆగిన మాకు అతనే వచ్చి చెప్పాడు. "నేను మెట్లు దిగక ముందే నా చావు అందరికీ తెలుసు. తెలిసినదానికి ఎవరు భయపడతారు?" అన్నాడు క్లియోఫస్.

"మిమ్మల్ని బతికిస్తే డబ్బు పెట్టేవాళ్ళు ఒప్పుకోరేమో."

"అయితే ఇంకొకణ్ణి చూసుకో. సోమవారం పొద్దున నాకు బస్సుంది."

నెల తిరిగాక హాస్కిన్స్ కథ మార్చుకుని వచ్చాడు. షూటింగు అయింది. "బతికే నటించానమ్మా. కత్తెర వాళ్ళ చేతిలో ఉంది, ఏం చేస్తారో చెప్పలేను" అన్నాడు క్లియోఫస్. సినిమా విడుదలయ్యేనాటికి ఇడెల్లాకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ కనబడటంలేదు. "నువ్వు రావద్దులే, నేనే వచ్చి చెబుతాను" అంటే ఆవిడ వినలేదు. టోపీ పెట్టుకుంది. అతనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

ఆవిడకు ఏమీ చెప్పే పని మాకు పడలేదు. హాలే చెప్పింది. "అదిగో తలుపు దగ్గరికెళ్తున్నాడు." "వద్దురా పెద్దోడా." "చెయ్యి వేశాడు, అయిపోయాడు." ఇడెల్లా ఒడిలో కోటు పట్టుకుని, లేవడానికి సిద్ధంగా ముందుకు వంగింది.

తెర మీద క్లియోఫస్ నేలమాళిగ తలుపు మీంచి చెయ్యి తీశాడు. కాసేపు చెవొగ్గి విన్నాడు. గడియ పెట్టాడు.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళలో తెర మీదివాళ్ళలో మా మాట విన్నవాడు అతనొక్కడే.

"ఏమైంది?" అంది ఇడెల్లా. "ఎవరూ మాట్లాడరేం?"

"గడియ పెట్టాడు మదర్. దిగలేదు."

ఆవిడ వెనక్కి వాలింది. అక్కణ్ణుంచి అసలు భయం పట్టుకుంది. ప్రతి మూలా, ప్రతి కిటికీ చూసి హాలంతా వణికింది, ఎందుకంటే ఇప్పుడు అతను పోవచ్చు, పోకపోవచ్చు. ఆర్జీ నా ముంజేతిని గట్టిగా పట్టుకుని వదల్లేదు. చివరికి తెర మీద తెల్లవారింది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

"టిఫిన్ డబ్బా తీసి తింటున్నాడు."

"మెల్లగా నములు" అంది ఆవిడ, తెరకేసి, అందరికీ వినబడేలా.

పేర్లు రావడం మొదలైంది. ఎవరూ కదల్లేదు. చీపురు పట్టుకుని వచ్చిన మనిషి కూడా మా వరుస దగ్గర ఆగి నిలబడ్డాడు. పక్క సీట్లో క్లియోఫస్ ముఖం చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు.

"లైట్లు వేశారా?" అంది ఇడెల్లా.

"వేశారమ్మా" అన్నాడు అతను.

ఆవిడ చేత్తో తడిమి, అతని చెంప పట్టుకుని చూసింది. తర్వాత కోటు దులుపుకుని లేచింది. మేమూ లేచాం.