గర్భసంచిలో గోడ

కోడలు కత్తెర పట్టిందంటే కొలత తప్పేది కాదు. ఆ వీధిలో కుట్టుపనికి ఆమె పెట్టింది పేరు. అయితే రెండోసారి కూడా కడుపు పోయేసరికి అత్తగారు కుట్టుమిషను మీద విరుచుకుపడింది.

"పొద్దస్తమానం అది తొక్కుతూ కూర్చుంటే కడుపెలా నిలుస్తుందే?"

మిషను అమ్మేశారు. ఆ తర్వాత కూడా మరో రెండు కడుపులు నిలవలేదు.

చివరికి ఓ డాక్టరమ్మ ప్రత్యేకంగా స్కానింగు తీయించి అసలు సంగతి చెప్పింది. "గర్భసంచి మధ్యలో గోడలాగా ఒక పొర ఉందమ్మా. పుట్టుకతోనే వచ్చింది. చాలా అరుదు. లోపలికి సన్నటి కెమెరా పంపి కత్తిరించేస్తాం."

"మరి... మిషను తొక్కడం వల్ల కాదా?" అత్తగారు అడిగింది.

"దానికీ దీనికీ సంబంధమే లేదు."

కోడలు తల తిప్పి అత్త వైపు చూడను కూడా లేదు.

పొర తీసేశారు. మరుసటేడు పండులాంటి పాప పుట్టింది. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని అత్తగారు మెల్లగా మాట కదిపింది.

"కొత్త మిషను కొందామే. మళ్ళీ మొదలుపెట్టు."

"ఇంకెవరొస్తారు అత్తయ్యా? అందరూ వేరేచోట అలవాటు పడిపోయారు."

ఆ గొంతులో కోపం లేదు. ఒక్కసారి కసురుకున్నా బాగుండేదనిపించింది అత్తగారికి. 'తప్పు నాదేనమ్మా' అనాలనుకుంది గానీ, పాప మీది దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.