పెళ్లికూతురి పళ్లెం లాక్కున్న కోసిమో

కోసిమో పలషానో, నేను పద్నాలుగేళ్లు ఒకే పెళ్లిళ్ల హాల్లో వడ్డన చేశాం. ఇటలీ దక్షిణాన మా ఊరి బయట మంచి ఆలివ్ చెట్లు నరికేసి కట్టిన హాలది. గుమ్మం ముందు సున్నపు సింహాలు, లోపల గోడల నిండా అద్దాలు, ఒకేసారి నాలుగు వందల మంది కూర్చుని నమిలే చోటు. యజమాని రుజ్జేరో శాంతోరువోని దొరగారూ అని పిలవాలి. పిలవకపోతే వినిపించనట్టు నటిస్తాడు. వంటవాడు పంతలేయో తన వంట తప్ప లోకంలో ఎవరి వంటా రుచి చూడడు, అందుకే అదే గొప్పదనుకుంటాడు. నేనూ ఆ గుంపులోవాణ్నే. వాళ్లని తిట్టేటప్పుడు నన్ను పక్కన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు.

కోసిమోకి ముప్పై ఆరేళ్లప్పుడు జబ్బు బయటపడింది. అంతకు ముందు ఆరేళ్ల పాటు కడుపు ఉబ్బరం, విరేచనాలు, సున్నం కొట్టినట్టు తెల్లబడిన ముఖం. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ఇంకొక మహానుభావుడు పెళ్లి చేసుకుంటే అదే సర్దుకుంటుందన్నాడు. ఒకరోజు పళ్లేల దొంతరతో మెట్టు జారితే మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. ఈ వయసులో ఎముక ఇలా విరగడమేమిటని అనుమానం వచ్చి, బారీ నగరంలో ఒక డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది, నోట్లోంచి గొట్టం దింపి పేగు చూసింది, జబ్బు పేరు సీలియాక్ అని చెప్పింది. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది. అది పడితే అతని ఒళ్లు తన పేగును తానే పాడుచేసుకుంటుంది, తిన్నది ఒంటబట్టక ఎముకలు గుల్లబారతాయి. మందు లేదు. బతికినంత కాలం ఆ జిగురు రవ్వంత కూడా లోపలికి పోకూడదు.

మాది కింద పడ్డ రొట్టెముక్కను ముద్దుపెట్టుకుని తీసే ఊరు. ఈ కబురు విని వాళ్లమ్మ చెసారియా, కొడుక్కి క్షయ వచ్చిందన్నా అంత ఏడ్చేది కాదు. అయినా ఆ ముసలామె ఊళ్లో చదువుకున్నవాళ్లందరి కంటే తొందరగా అర్థం చేసుకుంది. నలభై ఏళ్లుగా పాస్తా ఒత్తిన చెక్కపలకను, చెక్క గరిటెలను పొయ్యిలో పెట్టేసింది. చెక్క సందుల్లో పిండి ఉండిపోతుంది, ఎంత కడిగినా పోదు. కొడుక్కి వేరే గిన్నె, వేరే చిల్లుల పళ్లెం కొని, వాటికి ఎర్రదారం కట్టింది.

కోసిమో భూతద్దం కొనుక్కున్నాడు. కొట్లో నిలబడి డబ్బాల వెనక అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. రొట్టె, పాస్తా, బిస్కట్లు కంటికి కనబడే శత్రువులు. చాటుగా ఉన్నవే ఎక్కువని త్వరలోనే తెలిసింది. సాసేజిలో రొట్టెపొడి, అతిమధురం బిళ్లల్లో గోధుమపిండి, మొక్కజొన్న అటుకుల్లో బార్లీ మాల్టు, సూప్ బిళ్లల్లో చిక్కదనానికి కలిపే పిండి. కాఫీ మానేసినవాళ్లు ఆరోగ్యమని తాగే బార్లీ కాఫీ అయితే నేరుగా విషమే. పోయిన నెల బాగున్న డబ్బా ఈ నెల బాగుంటుందని నమ్మకం లేదు. కంపెనీవాళ్లు చెప్పకుండా సరుకు మారుస్తారు, అందుకని కొన్న ప్రతిసారీ చదవాల్సిందే. భూతద్దం అక్కర్లేనివి బియ్యం, బంగాళాదుంపలు, పచ్చి మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్లు. శనగలూ పప్పులూ కూడా మంచివే కానీ పక్క బస్తాలోంచి గోధుమ గింజలు కలుస్తాయని పళ్లెంలో పోసి ఏరేవాడు.

హాల్లో ఇదంతా మాకు పెద్ద వేడుక. కోసిమో ఇంటి నుంచి మూత గట్టిగా పట్టే డబ్బాలో అన్నమో, చిక్కుడుపప్పు ముద్దా చేదు ఆకుకూరా తెచ్చుకుని పెరట్లో ఒంటరిగా తినేవాడు. పంతలేయో గోధుమపిండి చేత్తో అతని భుజం తట్టి, "చచ్చావా ఇంకా లేదా, గురుడా?" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. ఒకసారి ఫార్రో గింజల సూప్ పెట్టి, ఇది తాతల కాలంనాటి గింజ, ఇప్పటి గోధుమ కాదు, దీనికేం కాదు తినమన్నాడు. కోసిమో గిన్నె వెనక్కి తోశాడు.

"తాతల కాలంనాటిదైనా అది గోధుమే. నీ బుర్ర కూడా తాతల కాలంనాటిదే, దాంతో నీకేమైనా మేలు జరిగిందా?" అన్నాడు.

అతనికి మా మీద కోపం ఉండేది కాదు. అంతకంటే అవమానకరమైనది ఉండేది. మమ్మల్ని చూసి ఏవగించుకునేవాడు. చదవడం వచ్చి కూడా డబ్బా వెనక రెండు వరుసలు చదవని మనుషుల్ని మనుషుల లెక్కలో వేసేవాడు కాదు. పెళ్లికొచ్చిన పెద్దమనుషులు మీసాలకు సాస్ అంటించుకుని, ఈ రోజుల్లో అందరికీ ఈ జబ్బు ఫ్యాషనైపోయిందని మాట్లాడుకుంటుంటే, వాళ్ల వెనకే నిలబడి గ్లాసుల్లో వైన్ పోసేవాడు. ఆ చూపు నేను చూశాను. ఎంగిలి పళ్లేన్ని కూడా ఎవరూ అలా చూడరు.

ఇంతలో దొరగారికి ఒక ఆలోచన వచ్చింది. పక్క ఊరి హాలువాళ్లు సీలియాక్ అతిథులకు వేరే వంట పెడుతున్నారని విని, మెనూ కార్డు మీద అడ్డగీత కొట్టిన గోధుమకంకి బొమ్మ అచ్చు వేయించాడు. అంతే. వేరే గిన్నె కొనలేదు, వేరే పొయ్యి పెట్టలేదు, పంతలేయోకి ఒక్క ముక్క నేర్పించలేదు. వేరే నూనె మూకుడు ఎక్కడని కోసిమో అడిగితే, బొమ్మ వేశాం కదా అన్నాడట.

ఆ జూన్‌లో అన్నరీతా చిక్కరోనే పెళ్లి. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఈ జబ్బు. కార్డు మీద బొమ్మ చూసే ఈ హాలు కుదుర్చుకుంది. మూడుసార్లు వచ్చి అడిగింది. దొరగారు మూడుసార్లూ గుండె మీద చెయ్యి వేసుకుని, అమ్మా, నా కూతురికి వండినట్టు వండిస్తానన్నాడు. పాపం ఆయనకు కూతుళ్లు లేరు.

మధ్యాహ్నం రెండున్నరకి అందరికీ పాస్తా, పెళ్లికూతురికి మాత్రం బియ్యంతో జారుగా వండే రొయ్యల రిసొట్టో. పళ్లేలు ఎత్తడానికి నేనూ కోసిమో వంటింట్లో వరుసలో నిలబడ్డాం. రిసొట్టో గట్టిపడింది. పంతలేయో అటూ ఇటూ చూడకుండా, మూడు వందల మందికి పాస్తా ఉడికిన బిందెలో గరిటె ముంచి, ఆ తెల్లటి గంజినీళ్లు రెండు గరిటెలు ఇందులో పోసి, పాస్తా కలిపిన చెంచాతోనే కలిపాడు. నేను చూశాను. కోసిమో కూడా చూశాడు.

"అది పారెయ్. మళ్లీ వండు," అన్నాడు కోసిమో.

"వేడినీళ్లురా అవి. నీళ్లలో ఏముంటుంది?"

"నువ్వు ముప్పై ఏళ్లుగా పాస్తా వండుతున్నావు. నీళ్లెందుకు తెల్లబడతాయో ఒక్కరోజైనా ఆలోచించావా?"

దొరగారు అక్కడే ఉన్నాడు. హాల్లో వాద్యాలవాళ్లు ఆగిపోయారు, పళ్లేలు కదలాలి. ఒక్క పూటకి ఏ పిల్లా చావదు, తీసుకెళ్లమన్నాడు. కోసిమో కదలకపోయేసరికి ఆ పళ్లెం నా చేతిలో పెట్టాడు. నేను తీసుకెళ్లాను. గ్లూటెన్ కలిసిన పళ్లెమని తెలిసే తీసుకెళ్లాను. పెళ్లికూతురి ముందు పెట్టి, శుభమమ్మా అని కూడా అన్నాను. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నానంటే గొప్పకి కాదు.

ఆమె ఫోర్కు ఎత్తింది. కోసిమో హాలు మధ్య నుంచి నడిచొచ్చి, ఆమె ముందున్న పళ్లెం తీసేశాడు. మూడు వందల మంది తల తిప్పారు.

"తినకమ్మా. దీంట్లో పాస్తా నీళ్లు కలిశాయి. నాకూ నీ జబ్బే," అన్నాడు, మెల్లగానే.

పెళ్లికొడుకు తల్లి లేచి, తాగి వచ్చాడా వీడు అని అరిచింది. దొరగారు పరుగెత్తుకొచ్చి, ఈ మనిషికి మతి సరిగ్గా ఉండదని అందరికీ సర్దిచెప్పబోయాడు. అన్నరీతా ఎవరి మాటా వినలేదు. కోసిమో ముఖం చూసి, మరి ఇక్కడ నేను తినదగింది ఏముందని అడిగింది. అతను పెరట్లోకి వెళ్లి తన డబ్బా తెచ్చాడు. ఆ రోజు అందులో చిక్కుడుపప్పు ముద్ద, ఉడికించిన చేదు ఆకుకూర, పైన ఆలివ్ నూనె. తెల్ల పెళ్లిగౌను మీద తువ్వాలు పరుచుకుని, అందరూ చూస్తుండగా ఆమె ఆ డబ్బాలోంచి మొత్తం తినేసింది. అత్తగారి ముఖం ఎండిన అత్తిపండులా ముడుచుకుపోయింది.

సాయంత్రం అయ్యేలోపల కోసిమో ఉద్యోగం ఊడింది. చుట్టుపక్కల ఏ హాలూ అతన్ని పెట్టుకోకుండా దొరగారు ఫోన్లు చేశాడు. ఊరు కూడా దొరగారి వైపే. పెళ్లి పాడుచేసినవాడన్న పేరు స్థిరపడిపోయింది. మనవాళ్లకి పెళ్లికూతురు జబ్బుపడటం కంటే విందు రసాభాస కావడమే పెద్ద విషాదం. ఏడాది పాటు కూరగాయల లారీ తోలాడు. తర్వాత పక్క ఊరి బడి వంటశాలలో పని దొరికింది. అక్కడ సీలియాక్ పిల్లలు నలుగురున్నారు. వాళ్ల వంట అతను ఒక్కడే, వేరే గదిలో, అందరి వంటా మొదలుకాకముందే చేస్తాడు. ఆ గదిలోకి ఇన్‌స్పెక్టరు వచ్చినా చేతులు కడుక్కుని, చొక్కా మీద పిండి లేదని చూపించాలి.

ఆ పెళ్లి దగ్గర్నుంచీ జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. శనివారం పొద్దున వాళ్లని కొట్టుకి తీసుకెళ్లి, అరలు చూపిస్తూ, వరసగా తిడతాడు. ఈమధ్య రిటైరైన టీచరమ్మ ఒకామె, ఆదివారం ఒక్క చిన్న ముక్క రొట్టె తింటే కడుపులో ఏం తెలియడం లేదు, కాబట్టి ఫరవాలేదు కదా అని బతిమాలింది.

"చెద పట్టిన దూలానికి నొప్పి తెలుస్తుందా? కప్పు కూలినప్పుడు తెలుస్తుంది," అన్నాడు కోసిమో. "పిల్లలకి లెక్కలు చెప్పారుట. సున్నా అంటే ఎంతో మీకే తెలియకపోతే ఎలా టీచరుగారూ?"

ఆమె చిన్నబుచ్చుకుంది కానీ మరుసటి శనివారం మళ్లీ వచ్చింది, సొంత భూతద్దంతో.

నేను ఇంకా ఆ హాల్లోనే ఉన్నాను. కార్డు మీద గోధుమకంకి బొమ్మ ఇంకా ఉంది, పంతలేయో ఇంకా అదే మూకుడులో అన్నీ వేయిస్తున్నాడు. నేను ఇప్పుడు చేసేదల్లా ఒక్కటే. ఎవరైనా ఆ జబ్బు ఉందని చెబితే, వంగి చెవిలో, పళ్లు తప్ప ఏమీ ముట్టుకోకండి అంటాను. ఒకసారి కోసిమో ఎదురుపడితే ఈ సంగతి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

అతను నా వైపు ఆ పాత చూపే చూసి, "చెవిలో చెప్పడమెందుకురా? నోరు పోయిందా?" అన్నాడు. తర్వాత పిల్లల భోజనానికి టైమవుతోందని వెళ్లిపోయాడు.