ఎనిమిదేళ్ళ గోల్‌కీపరు, పన్నెండు నిమిషాల ఆట

విశాఖ రేవులో మా డిపార్టుమెంటు ఫుట్‌బాల్ జట్టుకు నేను ఎనిమిదేళ్ళు రెండో గోల్‌కీపర్ని. మొత్తం ఆడింది పన్నెండు నిమిషాలు. మిగతా కాలమంతా గీత అవతల బెంచీ మీద, వీపు వాల్చకుండా కూర్చున్నాను. వాలి కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఎలమంచిలి దగ్గర భూములు పోయాయి, మేడ పోయింది, ఆ పద్ధతి మాత్రం పోలేదు.

కాలేజీలో గోల్ కాశానని నన్ను టెంపరరీ గుమాస్తాగా తీసుకున్నారు. పర్మనెంటు కావాలంటే ఆ ఏడాది ఒక్క మ్యాచ్‌లోనైనా మైదానంలోకి దిగినట్టు రికార్డులో ఉండాలి. మొదటి గోల్‌కీపరు జాలరిపేట మనిషి, రేవులో కలాసీ. అతనికి జ్వరం రాదు, దెబ్బ తగలదు. ఏడేళ్ళూ నా కాగితం వెనక్కి వచ్చింది. ఒక్కసారి ఆడించమని నేనెవరినీ అడగలేదు.

ఎనిమిదో ఏడు, ఎనభైల మొదట్లో, ఫైనల్ మ్యాచ్. ఆ సీజన్ అయ్యాక టెంపరరీ వాళ్ళను తీసేస్తారని ఆఫీసులో గట్టిగా చెప్పుకుంటున్నారు. ఆట ఇంకో పన్నెండు నిమిషాలుంది. మేం రెండు గోల్స్ ముందున్నాం. ఉన్నట్టుండి కలాసీ కుడిచెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాడు. చెమటకు తడిసిన పసుపు జెర్సీ తీసి నా ఒళ్ళో పడేశాడు. గోల్‌కీపరు జెర్సీ జట్టు మొత్తానికి అదొక్కటే.

"సేతికేటీ అవనేదు," అన్నాడు నా చెవి దగ్గర. "ఎల్లి నిలబడు. రెండు గోల్సున్నాయి, ఒకటి ఒదిలేసినా పర్నేదు."

నేను కదల్లేదు. ఒకరు విడిచిన బట్ట మా ఇంట్లో ఎవరూ తొడుక్కోలేదు. అలాంటివి మేం ఇచ్చేవాళ్ళం.

"ఏటి సూత్తన్నావు? ఇస్త్రీ సేయించి తేవాలా? ఎల్లేది గోల్ కాడికి, పెళ్ళిసూపులకి కాదు బావా! రిఫరీ సూత్తన్నాడు, తొడుక్కో."

జట్టులో అందరినీ బావా అనే మనిషి అంతవరకూ నన్ను మాత్రం బాబుగారూ అనేవాడు.

నా బనీను మీదే తొడుక్కున్నాను. వీపుకు తడి తగిలింది. ఒక బంతి నా కాళ్ళ మధ్యనుంచి పోయింది. ఇంకొకటి పొట్టకు తగిలి ఆగింది. గెలిచాం.

నాలుగో రోజు కెప్టెన్ మా ఇద్దరినీ పిలిచాడు. కలాసీల ఫోర్‌మన్ కూడా అతనే. జిల్లా జట్టుకు గోల్‌కీపరు పేరు ఆ సాయంత్రమే పంపాలి. కలాసీకి ముప్ఫై దాటాయి. ఇప్పుడు కాకపోతే ఇక పిలవరని అందరికీ తెలుసు.

"సెయ్యి బాగుందండి," అన్నాడతను, వేళ్ళు ముడిచి తెరిచి చూపిస్తూ.

"ఆదివారం పన్జెయ్యని సెయ్యి నాలుగ్రోజుల్లో ఎలా బాగయిపోనాదిరా?" అని కెప్టెన్ నా వైపు తిరిగాడు. "మీరు సెప్పండి బాబుగారూ, దగ్గరగా సూసింది మీరే. నిజంగా దెబ్బేనా, ఏటైనా నాటకమా? నాటకమైతే మీ పన్నెండు నిమిషాలూ రికార్డులోంచి కొట్టెయ్యాలి మరి."

కలాసీ నా వైపు చూడలేదు. గోడమీద కేలండరు చూస్తున్నాడు.

"బాగా వాచింది," అన్నాను.

"మీరు సెప్పారంటే ఇంక మాటనేదు," అని కెప్టెన్ కాగితం మీద కలాసీ పేరు కొట్టేశాడు.

బయటికి వచ్చాక అతనితో ఏదో ఒకటి అనవలసింది. అతను క్రేనుల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

రెండు నెలలకు నా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. జట్టులోంచి నా పేరు తీసేయమని రాసిచ్చాను. అతను మరో నాలుగేళ్ళు డిపార్టుమెంటుకు గోల్ కాశాడు. మైదానం మా ఆఫీసు వెనకే. సాయంత్రం అక్కడినుంచి కేకలు మొదలైతే, ఫైళ్ళు కట్టేసి ముందు గేటునుంచి బస్సుకు వెళ్ళేవాణ్ణి.