ముందు గొంతు లేవాలి

నోయిడాలో ఈ పొద్దున కిటికీ అద్దం నిండా పొగమంచు పట్టింది. ఎదురు టవర్లు లేనే లేవు, వాటి దీపాలు మాత్రం గాల్లో ఉత్తినే వేలాడుతున్నాయి. టీ పక్కన పెట్టుకుని, నిన్న గురుగ్రామ్ నుంచి క్యాబ్‌లో వచ్చిన గుడ్డ సంచీ విప్పాను. లోపల ఒక పాత లాప్‌టాప్. మూత మూల పగిలితే దానికి దెబ్బలకు అంటించే తెల్ల టేపు వేసి ఉంది. ఆ టేపు వేసింది నేనే. ఛార్జర్ పెట్టి బటన్ నొక్కాను. లోపలి ఫ్యాన్ సన్నగా తిరగడం మొదలై, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. తెర ఇంకా నల్లగానే ఉంది. అప్పుడు ఆ నలుపులోంచి జలుబు చేసిన మనిషిలా ఒక యంత్రపు గొంతు పలికింది: "లేచాను. నువ్వు లేచావా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆ మాట దానికి నేర్పిన కామేశ్వరి ఆంటీ పోయి ఏడాది కావస్తోంది. సంచీ పంపింది ఆవిడ కూతురు నందిని. లోపల ఒక్క మాట రాసిన కాగితం లేదు, పంపుతున్నానని తను ఫోనూ చెయ్యలేదు. అలాగని నేను చేశానా అంటే అదీ లేదు. ఆంటీ పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. గొడవేమీ పడలేదు. ఆవిడ లేకుండా మాట ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలో ఇద్దరికీ తెలియలేదు, అంతే.

ఆంటీని నేను మొదట చూసింది రాజధానిలో కోచింగ్ పిల్లలుండే జియా సరాయ్‌లోని కిరాణా కొట్లో. అప్పుడు నేను నిజామాబాద్ నుంచి వచ్చి, సివిల్స్‌కు చదువుతున్నానని ఊళ్లో చెప్పుకుంటూ, గాలి రాని అద్దె గదిలో కాలక్షేపం చేస్తున్న రోజులు. ఇంట్లోవాళ్లతో నేను ఫోన్లో మాట్లాడడం విని, కాటన్ చీర కట్టుకున్న ఒకావిడ నా దగ్గరికి వచ్చి ఒక ఇడ్లీ రవ్వ ప్యాకెట్ నా ముందు పెట్టింది. "తెలుగమ్మాయివేనా? కళ్లజోడు మరిచిపోయి వచ్చాను గానీ, దీని తేదీ చూసి పెట్టమ్మా" అంది. చూసిపెట్టాను. మరో రోజు నూనె ప్యాకెట్‌తో వచ్చింది, మళ్లీ కళ్లజోడు మరిచిపోయానంది. తర్వాత ఒక రోజు కళ్లజోడు పెట్టుకునే వచ్చి, అదే మాట అంది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నవ్వేసి, "దొరికిపోయానులే. పద, ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లు" అంది.

ఇల్లంటే దగ్గర్లోని ప్రభుత్వ క్వార్టర్. ఆంటీది కాకినాడ. భర్త లేరు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఒకదానిలో ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసే ఉద్యోగం. రిటైర్మెంట్ ఇంకా కొన్నేళ్లుంది. ఈలోగా చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది, ఎవరో తలుపు రెక్కలు మెల్లగా దగ్గరకు వేస్తున్నట్టు. నడిమధ్యలో మాత్రం కాస్త కనబడుతుంది. డాక్టర్లు అది ఆగేది కాదన్నారట. "ఆఫీసులో తెలిస్తే పంపించెయ్యరు. కుర్చీ ఇస్తారు, టీ ఇస్తారు, పని ఇవ్వరు. పని లేకుండా కూర్చోవడం నా వల్ల కాదే" అంది. కాఫీ గ్లాసు నా చేతికి అందిస్తున్నప్పుడు ఆవిడ వేళ్లు నా వేళ్లను వెతుక్కున్నాయి. కూతురికి ఈ సంగతి ఇంకా చెప్పలేదనీ, చెబితే గురుగ్రామ్‌లోని తన ఫ్లాట్‌కు తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టేస్తుందనీ చెప్పింది.

నందిని అప్పటికే తల్లికి ఒక కొత్త కంప్యూటర్ కొనిపెట్టింది. తెర మీదిది చదివి వినిపించే ఏర్పాటు దానిలోనూ ఉంది. కానీ అది దాని ఇష్టం వచ్చినప్పుడు కొత్త హంగులు దింపుకునేది, చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి ఏదో కిటికీ తెరిచి దేనికో ఒప్పుకొమ్మనేది. ఆంటీ దాన్ని బీరువాలో పెట్టేసి తన పాత లాప్‌టాప్ తీసింది. "నాకు కనబడనిదాన్ని నేను తలలో పెట్టుకోవాలి. కాబట్టి నా తలలో పట్టేంత చిన్నది కావాలి. ఈ కాస్త చూపూ ఉండగానే నేర్చుకోవాలి. నీకు ఇవన్నీ వచ్చు కదా?" అంది. నాకు వచ్చింది ఇంజినీరింగ్ చదువులో నేర్చిన కొద్దిపాటి లినక్స్, కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ. ఆ మాట చెప్పినా ఆవిడ వినిపించుకోలేదు.

ఆ చలికాలపు ఆదివారాలన్నీ నాకు ఒకే పొడుగాటి పొద్దుగా గుర్తున్నాయి. కిటికీ లోంచి లేత ఎండ, బల్ల మీద బత్తాయి తొక్కలు, పక్కింటి కుక్కర్ కూత. నేను ఒక్కో రకం లినక్స్ ఎక్కించడం, ఆంటీ దాన్ని ప్రశ్నలు అడగడం. మొదట నేను అందరూ మెచ్చుకునే తేలికైన దాన్ని ఎక్కించి, చకచకా లేస్తుందని గొప్పగా చెప్పాను. ఆంటీ మూత తెరిచి, బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర మీద అందమైన బొమ్మ వచ్చింది, పేరు అడుగుతోంది. ఆవిడ అలాగే కూర్చుని ఉంది.

"లేచింది గద ఆంటీ," అన్నాను.

"నీకు తెలుసు. నాకెలా తెలుస్తుందే? నువ్వు లేని రోజున ఇది లేచిందో చచ్చిందో తెలియక ఇలాగే కూర్చుంటాను."

అప్పటిదాకా నేను ఎంత తక్కువ మెమరీతో నడుస్తుందా అనే చూస్తున్నాను. ఆంటీ మాత్రం తన పొద్దుటి పనుల సంగతి ఎత్తుకుంది. "మా క్వార్టర్‌లో నీళ్లు కాసేపే వస్తాయి. ముందు మోటారు వెయ్యాలి. గీజరూ మోటారూ ఒక్కసారే వేస్తే ఫ్యూజు పోతుంది. మోటారు ఆగాకే గీజరు. పాలు ఎప్పుడైనా కాగుతాయి. నా ఇంట్లో ఎవరి తర్వాత ఎవరో నాకు తెలుసు కాబట్టి చీకట్లో కూడా చేస్తాను. దీంట్లో ఎవరు ముందు లేస్తారు? తర్వాత ఎవరు?"

అసలు ప్రశ్న అదే. కంప్యూటర్ తెరవగానే అన్నిటికన్నా ముందు లేచి, మిగతా పనివాళ్లందరినీ లేపే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. చాలా లినక్సుల్లో అది పెద్ద సంసారం. మంచిదే, సమర్థమైనదే, కానీ దాని వ్యవహారమంతా ఆంటీకి విడమరచి చెప్పాలంటే నాకే సరిగ్గా అర్థం కాలేదు. దాంతో లేపే పద్ధతి వేరుగా ఉన్నవాటిని వెతకడం మొదలుపెట్టాం. ఒకటి మరీ చిన్నది, దానిలో చదివే గొంతును కూర్చోబెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకొకటి పాతకాలపుది, అందరినీ వరుసగా లేపేది. కానీ గొంతు మధ్యలో పడిపోతే మళ్లీ లేపే దిక్కు లేదు. చివరికి రనిట్ అనే పద్ధతితో నడిచేది ఒకటి దొరికింది. దానిలో ఒక్కో పనికి ఒక్కో చిన్న అర, ఆ అరలో నాలుగు ముక్కల ఆజ్ఞ. ఒక్కో పనికీ ఒక కాపలాదారు ఉంటాడు. ఆ పని పడిపోయిందో, వెంటనే లేపుతాడు.

ఆంటీ నమ్మలేదు. "ఏదీ, గొంతు నొక్కి చూపించు" అంది. చదువుతున్న గొంతును సగంలో ఆపేశాను. గది నిశ్శబ్దమైంది, కన్ను మూసి తెరిచేలోగా అది మళ్లీ పలికింది. ఆవిడ చిన్నపిల్లలా చేతులు చరిచి, ఇంకోసారి, ఇంకోసారి అని చాలాసేపు ఆపించింది. "పడితే లేపేవాడున్నాడు. ఇదే ఖాయం" అంది. ఆ రోజు నేను జియా సరాయ్ గల్లీల్లో నడుస్తూ ఎందుకో గట్టిగా నవ్వుకున్నాను. నాలుగు అక్షరాలు చదివినదాన్ని, ఒకరి పనికి వచ్చానన్న సంతోషం నాకు అదే మొదలు.

ఆ అరలన్నీ ఆంటీ పట్టుదలగా కంఠతా పట్టింది. మధ్యలో కనబడే ఆ కాస్త చూపుతో ఒక్కో అక్షరాన్నీ పెద్దది చేసుకుని, తనే ఒక్కో అరలో ఒక వాక్యం చేర్చింది: గొంతు లేచిందా అని అడుగు, లేవకపోతే ఆగు. గొంతు కన్నా ముందు ఇంట్లో ఇంకెవరూ కదలకూడదని ఆవిడ నియమం. ఆ తర్వాతి ఆదివారం నందిని కూడా వచ్చింది. ఆంటీ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. కూతురి ముందు అది పలకాలి, తను ఒక్కతే పని చేసుకోగలనని కూతురికి తెలియాలి, ఆ తర్వాత కళ్ల సంగతి చెప్పాలి. అదీ ఆవిడ ఎత్తు.

బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. గొంతు రాలేదు. ఇంకాసేపు చూశాం. అసలేమీ లేదు. ఆంటీ మొహం పాలిపోయింది. నందిని మెల్లగా, "ఛోడ్ దో నా మమ్మీ, వదిలెయ్యండి, నేను కొన్న కొత్తది ఉంది కదా" అంది. తల్లితో కూడా హిందీలోనే మాట్లాడే ఆ పిల్ల తెలుగు ముక్కలు కలిపిందంటే ఎంత జాలేసిందో నాకు అర్థమైంది. ఆంటీ పెదవి బిగపట్టి, "స్రవంతీ, చూడవే" అంది. నేను అరలు ఒక్కొక్కటీ తెరిచాను. చూస్తే ఏముంది! శబ్దం పుట్టించే అరలో కూడా ఆంటీ తన వాక్యం చేర్చేసింది. శబ్దం లేవాలంటే గొంతు లేవాలట. గొంతు లేవాలంటే శబ్దం కావాలి. రెండూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నిలబడిపోయాయి.

"ఆంటీ, మీరు అందరికీ ఒకటే రూల్ పెట్టిన్రు. ఇది దాని కోసం ఆగింది, అది దీని కోసం ఆగింది. పొద్దంతా ఇట్లనే కూసుంటయి," అన్నాను, నవ్వు ఆపుకోలేక.

ఆంటీ నవ్వలేదు. "ఎవరో ఒకరు ముందు పలకాలి కదూ" అంది. తర్వాత తన కుడివైపు తిరిగి, గాల్లోకి చెయ్యి చాచింది. "నందూ, నువ్వు ఇటువైపు కూర్చున్నావు కదా. నువ్వు నాకు కనబడడం లేదమ్మా. చాలా రోజులైంది."

నందిని ఆ చేతిని పట్టుకుంది. "ముఝే పతా హై, మమ్మీ. నాకు తెలుసు. ఆప్ బతాయేంగీ, మీరే చెప్తారని... ఇసీలియే చుప్ థీ, అందుకే ఊరుకున్నా." తల్లీ కూతుళ్లు ఒకరి భుజం మీద ఒకరు ఏడుస్తుంటే, నేను తల వంచుకుని శబ్దపు అరలోంచి ఆ వాక్యం తీసేశాను. మళ్లీ బటన్ నొక్కాను. కాసేపటికి జలుబు గొంతు పలికింది: "లేచాను." ఏడుస్తూనే నందిని ఫక్కున నవ్వింది.

ఆంటీని ఆ రోజు ఎవరూ గురుగ్రామ్‌కు తీసుకుపోలేదు. ఆఫీసులో తనే నోరు విప్పి చెప్పింది. ఆ లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని వెళ్లి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రిటైరయ్యే రోజు దాకా అనువాదాలు చేసింది. తలుపు రెక్కలు పూర్తిగా మూసుకున్నాక కూడా చేసింది. నేను సివిల్స్ గట్టెక్కలేదు. నోయిడాలో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాను. అక్కడ ఏ యంత్రం మొరాయించినా నా నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఆంటీదే: ఎవరు ఎవరి కోసం ఆగారు? ఈ ప్రశ్నకు జీతమిస్తున్నారంటే ఆవిడ ఎంత మురిసిపోయేదో. రిటైరయ్యాక ఆవిడ తన ఇష్టంతోనే కూతురి దగ్గరికి వెళ్లింది. నేను వెళ్లినప్పుడల్లా ఆ గొంతు నన్ను పలకరించేది. "నువ్వు లేచావా" అనే ముక్క ఎప్పుడు చేర్చారని అడిగితే, "పొద్దున్నే నందు ఆ గదిలోంచి 'హా మమ్మీ' అంటుంది. ఆ మాట వినడానికే" అంది.

టీ చల్లారిపోయింది. బయట మంచు ఇంకా విడలేదు. లాప్‌టాప్ తెర మీద అక్షరాలు నా కోసం నిలబడి ఉన్నాయి. ఈ ప్రశ్నను నందిని ఏడాదిగా రోజూ వింటూ ఉండాలి, లేదా వినలేక దీన్ని మూసి పెట్టి ఉండాలి. ఏదైనా, ఆ ఇంట్లో జవాబు చెప్పే మనిషి ఒక్కతే ఉంది. నేను ఫోన్ తీశాను. మోగింది, చాలాసేపు మోగింది. ఎత్తింది, మాట్లాడలేదు. ఊపిరి వినిపిస్తోంది.

"నందూ," అన్నాను, "నేను లేచిన. నువ్వు లేచినవా?"

మామూలుగా హిందీలోనే జవాబిచ్చే ఆ పిల్ల, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ, వాళ్లమ్మ యాసలో అంది: "లేచాను, దీదీ."